పదకొండో నంబరు ఆసుపత్రి

ట్రస్టు ప్రధాన కార్యాలయం, లెక్కల విభాగం
ఏప్రిల్

ప్రియమైన వదినకు,

నమస్కారాలు. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్ చేస్తే అన్నయ్య స్పీకరు పెట్టి మధ్యలో తన సలహాలు కలుపుతాడు. పైగా హాస్టల్లో చదువుకునే రోజుల నుంచీ మనసులో మాట నీకు కాగితం మీదే చెప్పడం అలవాటైపోయింది.

సంగతేమిటంటే, నా మొదటి పెద్ద పని పూర్తయింది. మన ట్రస్టు కింద ఉన్న ఇరవై ఆరు కంటి ఆసుపత్రుల్లో ఏది ఎంత సమర్థంగా నడుస్తోందో తేల్చమన్నారు. పక్షపాతం రాకూడదని పేర్లు తీసేసి నంబర్లు ఇచ్చారు. ఇంతవరకూ వీళ్ళ పద్ధతి ఏమిటంటే, ఎక్కువ ఆపరేషన్లు చేసినవాళ్ళకు చప్పట్లు, తక్కువ చేసినవాళ్ళకు చీవాట్లు. పదిమంది డాక్టర్లున్న చోటునూ ఇద్దరున్న చోటునూ ఒకే గాటన కట్టేవారు.

నేను అలా చేయలేదు. డాక్టర్లు, నర్సులు, ఆపరేషన్ బల్లలు తక్కెడ ఒక పళ్ళెంలో పెట్టాను. చూసిన రోగులు, చేసిన ఆపరేషన్లు ఇంకో పళ్ళెంలో పెట్టాను. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి చెబుతాను విను. దేనికెంత విలువ కట్టాలో చెప్పే తూకంరాళ్ళు నేను ఎంచను. ఏ రాళ్ళతో తూస్తే ఒక ఆసుపత్రి అందరికంటే బాగా కనిపిస్తుందో, ఆ రాళ్ళనే లెక్క వెతికి దాని చేతికిస్తుంది. ఆ తరవాత అవే రాళ్ళతో మిగతా అందరినీ తూస్తుంది. అప్పటికీ ఎవరూ దాన్ని దాటకపోతే నూటికి నూరు. తన రాళ్ళతో తూచినా ఇంకొకరే ఎక్కువ తూగితే, ఇక సాకు చెప్పడానికి ఏమీ మిగలదు.

నూటికి నూరు అయిదింటికి వచ్చింది. వాటిలో ఏడో నంబరంటే నాకు తెగ ముచ్చటేస్తోంది. ఇద్దరే డాక్టర్లు, ఒకటే థియేటరు, ముగ్గురున్న చోట కూడా జరగనంత పని. అట్టడుగున పదకొండో నంబరు, నూటికి యాభై రెండు. మా విభాగంలో దానికి కుంభకర్ణుడని పేరు పెట్టాం.

మీ ఆసుపత్రి ఏ నంబరో నాకు తెలియదు, తెలుసుకోను కూడా. పైవరసలో ఉంటుందని మాత్రం పందెం కాస్తాను.

నీ
పిచ్చుక


సూపరింటెండెంట్ గది
మే

చి. పిచ్చుకకు,

దీవెనలు. నీ ఉత్తరం, నీ నివేదిక ఒకే రోజు చేతికందాయి. అట్ట మీద మీ విభాగం పేరు చూసి మీ అన్నయ్య దాన్ని చంకలో పెట్టుకుని వీధిలో అందరికీ చూపించి వచ్చాడు. లోపల ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ, "మా చెల్లెలు రాసింది, తప్పెందుకు ఉంటుంది" అని తీర్పు చెప్పేశాడు.

నాకు అర్థమైంది. చక్కగా రాశావు. తూకంరాళ్ళ సంగతి రెండుసార్లు చదివాను. ఎనిమిదో ఎక్కం దగ్గర ఏడ్చిన పిల్లవేనా నువ్వు అనిపించింది.

ఎవరి నంబరు వాళ్ళకే చెప్పారు. మాది నువ్వు అడగలేదు, మంచిపని చేశావు. నేనూ చెప్పను. ఒక్క సందేహం మాత్రం. ఆ పదకొండో నంబరు వాళ్ళ దగ్గరికి ఎలాంటి రోగులు వస్తారో కనుక్కున్నారా? పడుకున్నవాళ్ళంతా నిద్రపోతున్నట్టు కాదు కదా, ఒళ్ళు అలిసి పడుకున్నవాళ్ళు కూడా ఉంటారు. ఊరికే అడిగాను.

ఇక్కడ హాల్లో బల్లలు చాలక మెట్ల మీద కూర్చుంటున్నారు. శుక్లాల ఆపరేషన్‌కు ఈరోజు పేరు రాయించుకుంటే ఏడు నెలలకు పిలుస్తున్నాం. వేళకు తిను.

మీ వదిన


లెక్కల విభాగం
మే నెలాఖరు

ప్రియమైన వదినకు,

తీపి కబురు. వచ్చే నెల కమిటీలో నా నివేదిక మీద మొట్టమొదటి నిర్ణయం జరగబోతోంది. పదకొండో నంబరులో ఆపరేషన్ థియేటర్లు మూసేసి, అక్కడి డాక్టర్లను బాగా నడిచే చోట్లకు సర్దుతారట. అక్కడ కళ్ళు చూసి మందులిచ్చేవరకే ఉంటుంది. ఆపరేషన్ కావలసినవాళ్ళు బస్సెక్కి నాలుగు గంటలు పోవాలి. అది కొంచెం ఇబ్బందే అనుకో. అయినా సగం పని చేసేవాళ్ళను ఎంతకాలమని మోస్తారు?

నీ సందేహానికి జవాబు. ఎలాంటి రోగులన్నది మాకిచ్చిన పట్టికల్లో లేదు. ఆపరేషన్ అంటే ఆపరేషనే కదా వదినా.

నా మాట మీద ఒక నిర్ణయం జరుగుతోందంటే కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

నీ
పిచ్చుక


సూపరింటెండెంట్ గది
జూన్

చి. పిచ్చుకకు,

ఆపరేషన్ అంటే ఆపరేషనే కాదు తల్లీ. పదకొండో నంబరు మేమే.

నిన్న రాళ్ళ క్వారీ నుంచి ఒకతన్ని తెచ్చారు. రాతి ముక్క కంట్లోకి దూసుకుపోయింది. మా పెద్ద సర్జన్‌గారు పొద్దుటి పూటంతా మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తలేదు. ఆ కన్ను నిలబడింది. నీ పట్టికలో అది ఒకటి. పక్క ఆసుపత్రిలో పండిన శుక్లం వెన్నలో వెంట్రుకలా తీసేస్తారు, అదీ ఒకటే. పుట్టుకతో శుక్లాలున్న పసిపిల్లలు, షుగరుతో నెత్తురు నిండిన కళ్ళు, ఇంకెక్కడో చెడగొట్టి పంపినవి, అన్నీ మా గుమ్మంలోకే వస్తాయి. చుట్టుపక్కల వాళ్ళు "మా వల్ల కాదు, అక్కడికి వెళ్ళండి" అని చీటీ రాస్తారు. మేము ఎవరికి రాయాలి?

ముందే చెప్పలేదేమని అడుగుతావు. అంత సంతోషంగా రాశావు, ఆ సంతోషం మీద నీళ్ళు చల్లడానికి చెయ్యి రాలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. అది మీ వదిన ఆసుపత్రని తెలిస్తే నీ చెయ్యి అటు మొగ్గుతుందేమోనని భయపడ్డాను.

ఇప్పుడు థియేటర్లే పోతున్నాయి కాబట్టి చెప్పక తప్పలేదు. నాకోసం లెక్క మార్చకు. తప్పుంటే దిద్దు. తప్పు లేకపోతే వదిననని కూడా చూడకు.

మీ వదిన


లెక్కల విభాగం
జూన్ చివరివారం

వదినకు,

నీ ఉత్తరం రెండోసారి చదివే ధైర్యం చాలక నేరుగా మా విభాగం పెద్దాయన గదిలోకి వెళ్ళాను.

"పదకొండో నంబరు సూపరింటెండెంటు మా వదినండీ."

"ఇప్పుడా చెప్పేది?"

"నాకూ ఇప్పుడే తెలిసిందండీ. ఇంకోటి, పట్టికలో లోపం ఉంది. మెలికపడ్డ కేసునూ మామూలు కేసునూ ఒకటిగా లెక్కపెట్టాం."

ఆయన నా పట్టిక ముందుకు లాక్కుని చూశాడు. తరవాత పదకొండో నంబరు పని నా చేతిలోంచి తీసి పక్క బల్ల సీనియర్‌కు అప్పగించాడు. ఆయనకు నువ్వెవరో తెలియదు, తెలిసినా కరిగే రకం కాదు. ఇరవై ఆరు ఆసుపత్రుల నుంచీ థియేటరు రికార్డులు తెప్పించాం. ఏ రకం ఆపరేషన్‌కు ఎంత సమయం పడుతుందో దాన్నిబట్టి బరువు కట్టాం.

మొత్తం తలకిందులైంది. మీ పొరుగున ఉన్న తొమ్మిదో నంబరు, కష్టమైన కేసులన్నీ మీ మీదికి తోసేసి తాను నూటికి నూరు కొట్టి కూర్చుంది. ఇప్పుడు దాని రంగు బయటపడింది. మీరు యాభై రెండు నుంచి డెబ్బై మూడుకు వచ్చారు.

కమిటీలో నేనే లేచి చెప్పాను. ఛైర్మన్‌గారు కళ్ళజోడు తీసి పెట్టి, "అంటే మీ లెక్క తప్పా?" అన్నారు.

"లెక్క తప్పు కాదండీ. లెక్కలోకి తీసుకున్నది తప్పు. పదకొండో నంబరు నడిపేది మా వదిన. అందుకే ఆ భాగం నేను చేయలేదు, సీనియర్‌గారు చేశారు. ఆయన్నే అడగండి."

అడిగారు. ఆయన నిలబడి ఒక్క మాట అన్నాడు. "పాత వరస చెత్తబుట్టలో వేయొచ్చండి." థియేటర్లు మూసే ప్రతిపాదన ఆరు నెలలు వాయిదా పడింది.

ఇక్కడితో ఉత్తరం ఆపేస్తే ఇద్దరికీ హాయిగా ఉంటుంది. కానీ వదిననని కూడా చూడొద్దని నువ్వే రాశావు. డెబ్బై మూడు అంటే నూరు కాదు. మీ కష్టమైన కేసులకు మీకు కావలసినంత బరువు ఇచ్చాం. మీ రాళ్ళతోనే తూచాం. అయినా ఏడో నంబరు మిమ్మల్ని దాటింది. వాళ్ళూ కష్టమైన కేసులు వదలరు, ఎందుకంటే వాళ్ళ తరవాత ఇంకో ఆసుపత్రి లేదు. మీ డాక్టర్ల సమయంలో నాలుగో వంతు ఎటో పోతోంది. ఎందుకు పోతోందో నా లెక్క చెప్పలేదు. ఎవరిని చూసి తెలుసుకోవచ్చో మాత్రం చెబుతుంది. ఒక్కసారి వెళ్ళి చూడు వదినా.

నీ
పిచ్చుక


ఇల్లు
జూలై

చి. పిచ్చుకకు,

ఉత్తరం అందింది. కమిటీలో లేచి నిలబడ్డావని మీ అన్నయ్య పొంగిపోతున్నాడు. నేనూ సంతోషించాను.

డెబ్బై మూడు అన్నావు, చదివాను. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఆసుపత్రికి నేను ఏమిచ్చానో ఏ రాళ్ళతో తూస్తావు?

కోపంలో ఉత్తరం రాయకూడదంటారు. అందుకే ఇక్కడ ఆపుతున్నాను. అందరం క్షేమం.

వదిన


తిరుగు రైల్లో, కిటికీ పక్కన
సెప్టెంబరు

చి. పిచ్చుకకు,

అక్షరాలు వంకరగా ఉంటే రైలును తిట్టుకో. రెండు నెలలు నీకు రాయలేదు. ఉడుకుమోత్తనం, ఇంకేమీ కాదు. నీ ఉత్తరం సొరుగులో పెట్టి తాళం వేశాను, తాళం వేసినా అది అరుస్తూనే ఉంది.

మొన్నొక రోజు థియేటరు అద్దంలోంచి లోపలికి చూశాను. మా పెద్ద సర్జన్‌గారిని నర్సులు నిదానం గారంటారు, ప్రతిదానికీ "నిదానమే ప్రధానం" అంటారని. ఆయన చేతికి తొడుగులు వేసుకుని, అందరినీ దీవిస్తున్నట్టు రెండు చేతులూ పైకెత్తి కూర్చుని ఉన్నారు. ఎదుట బల్ల ఖాళీ. నేను రౌండ్లు ముగించుకుని వచ్చినా అలాగే ఉన్నారు.

"ఏమిటండీ ఇది?"

"పనిముట్ల ట్రే రావాలమ్మా. కింద స్టెరిలైజరులో ఉంది."

"రోజూ ఇంతేనా?"

"ఎప్పుడూ ఇంతేగా."

నిజమే, ఎప్పుడూ ఇంతే. నేను రోజూ ఆ అద్దం ముందు నుంచే నడుస్తాను. మాకున్నవి నాలుగే ట్రేలు. శుభ్రం చేసే యంత్రం రెండంతస్తుల కింద. ఆ లిఫ్టు సంగతి నీకు తెలుసు, దానికి బుద్ధి పుట్టినప్పుడే వస్తుంది. ముగ్గురు సర్జన్లు చేతులెత్తి కూర్చుంటున్నారు, ఏడు నెలల వరస మెట్ల మీద కూర్చుంటోంది. ఇంతకాలం డాక్టర్లు చాలడం లేదని నేను ట్రస్టుకు అర్జీలు పెడుతున్నాను.

ఏడో నంబరు ఎవరో ట్రస్టులో అడిగి తెలుసుకుని, అదే సాయంత్రం వాళ్ళకు ఫోన్ చేశాను. ఆ సూపరింటెండెంటు కుర్రవాడు, నోరు మూయడు. "రండి మేడం, రండి, దాచుకోవడానికేముంది" అన్నాడు. మూడు రోజులు వాళ్ళ థియేటరు మూలలో ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను.

ఒక గదిలో రెండు బల్లలు. మధ్యలో మైక్రోస్కోపు, చెయ్యి చాచినట్టు అటూ ఇటూ తిరుగుతుంది. ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుంటే రెండో బల్ల మీద తరవాతి మనిషి సిద్ధంగా ఉంటాడు. డాక్టరు చేతులు శుభ్రం చేసుకుని తొడుగులు మార్చుకుని కుర్చీ తిప్పితే చాలు. స్టెరిలైజరు గోడ అవతలే, చిన్న కిటికీలోంచి ట్రేలు వస్తూనే ఉంటాయి. హడావుడి లేదు, ఒక్కరు పరిగెత్తడం కూడా చూడలేదు. హెడ్ నర్సు నాతో, "డాక్టరు చెయ్యి ఖాళీగా కనిపిస్తే నాకు తలనొప్పి వస్తుంది మేడం" అంది. నాకు నిదానం గారి దీవెన గుర్తొచ్చి నవ్వాగలేదు.

పిచ్చుకా, నువ్వు చెప్పిన నాలుగో వంతు ఎక్కడ పోతోందో నాకు దొరికింది.

ఇక నిదానం గారిని ఒప్పించాలి. ఆయన అనబోయేది నాకు ముందే తెలుసు. ఒకే గదిలో ఇద్దరు రోగులంటే ఇన్‌ఫెక్షన్ రాదా అంటారు. ఆ భయం తీసిపారేసేది కాదు, నాకూ ఉంది. దానికి నీ దగ్గర ఏదైనా లెక్క ఉందా?

మీ వదిన


లెక్కల విభాగం
అదే నెల

ప్రియమైన వదినకు,

నీ అక్షరాలు చూసి ముందు కుర్చీలోంచి లేచాను, తరవాత చదివాను. రైలుకు నా దండం.

నువ్వు అడిగినది మా పట్టికలో లేదు, ఉండాల్సింది. సీనియర్‌గారూ నేనూ కూర్చుని ఇరవై ఆరు చోట్ల నుంచీ మూడేళ్ళ ఇన్‌ఫెక్షన్ రికార్డులు తీశాం. రెండు బల్లల పద్ధతి నాలుగు ఆసుపత్రుల్లో ఉంది. ఆ నాలుగింటిలోనూ ఇన్‌ఫెక్షన్లు మిగతా వాటికంటే ఎక్కువ లేవు. ఏడో నంబరులో అందరికంటే తక్కువ. ఎందుకని ఫోన్ చేసి అడిగితే నువ్వు చెప్పిన ఆ కుర్ర సూపరింటెండెంటు అరగంట వదల్లేదు. సారాంశం ఏమిటంటే, తొందరపడి సగం ఉడికిన ట్రే ఎవరూ వాడరు, ఎందుకంటే ట్రేలకు కొరత లేదు.

కాగితాలు జతచేశాను. ఇకనుంచి నివేదికలో ఇన్‌ఫెక్షన్లు కూడా తూకంలోకి వస్తాయి. వేగం ఒక్కటే చూస్తే ఎవరో ఒకరు వేగం కోసం కళ్ళు పోగొడతారు. నిదానం గారి భయం మా లెక్కను బాగుచేసిందని ఆయనతో చెప్పు.

నీ
పిచ్చుక


సూపరింటెండెంట్ గది
నవంబరు

చి. పిచ్చుకకు,

నిదానం గారు నీ కాగితాలు మూడు రోజులు ఇంటికి పట్టుకెళ్ళారు. నాలుగో రోజు వచ్చి, "అమ్మా, ఇది బట్టలు కుట్టే ఫ్యాక్టరీ కాదు" అన్నారు. అయిపోయింది అనుకున్నాను. "కానీ నా భయాన్ని లెక్కలో కలిపినవాళ్ళ మాట కొట్టేయలేను. ఒక వారం చూద్దాం. ఒక్క కన్ను ఎర్రబడినా ఆపేస్తాను" అన్నారు. "మీకంటే ముందు నేనే ఆపుతానండీ" అన్నాను.

థియేటరు పక్కన పాత ఫైళ్ళు మేటవేసిన గది ఖాళీ చేయించి స్టెరిలైజరును పైకి ఎక్కించాం. గోడకు కిటికీ కొట్టించాం. ఏడో నంబరు వాళ్ళు ట్రేలు కొన్ని అరువిచ్చారు, ట్రస్టు మిగతావి పంపింది. మా నర్సులు ఇద్దరు అక్కడికి వెళ్ళి పని చూసి వచ్చారు.

మొదటి రోజు నేను తలుపు దగ్గరే నిలబడ్డాను, పెళ్ళి పందిట్లో ఆడపిల్ల తల్లిలా. నిదానం గారు మొదటి ఆపరేషన్ ఎప్పటిలాగే తన నిదానంలో తాను చేశారు. ఒక్క క్షణం కూడా తగ్గించలేదు. ముగించి, అలవాటుగా చేతులు పైకెత్తబోయారు. హెడ్ నర్సు, "సార్, ఇటు" అంది. ఆయన కుర్చీ తిప్పారు. రెండో బల్ల మీద మనిషి సిద్ధం, ట్రే సిద్ధం. ఆయన నా వంక ఒకసారి చూసి మళ్ళీ తల వంచారు.

మధ్యాహ్నం భోజనాల వేళకు థియేటరులోంచి కబురొచ్చింది, మేడం రావాలట. ఏం కొంపమునిగిందోనని పరుగెత్తాను. నిదానం గారు కూర్చుని ఉన్నారు.

"ఏమైందండీ?"

"ఇంకెవరూ లేరంటున్నారు. రోజు పట్టిక అయిపోయిందట. ఇంకెవరూ లేరా అమ్మా?"

మెట్ల దగ్గరికి వెళ్ళి నేనే పిలిచాను, వచ్చే వారం తేదీ ఇచ్చినవాళ్ళలో పరీక్షలన్నీ అయిపోయి సిద్ధంగా ఉన్నవాళ్ళెవరని. అయిదు చేతులు లేచాయి.

వారం గడిచింది. ఆ పైన మరో మూడు వారాలు గడిచాయి. ఒక్క కన్ను ఎర్రబడలేదు. నిన్న నిదానం గారు చిన్న డాక్టర్లకు చెబుతుంటే విన్నాను. "నిదానం చేతికి ఉండాలయ్యా, కుర్చీకి కాదు" అంటున్నారు.

మీ వదిన


ట్రస్టు కార్యాలయం, కమిటీ గది బయట
జనవరి

వదినా,

లోపల ఇంకా కాఫీలు తాగుతున్నారు, నేను వరండాలో కూర్చుని రాస్తున్నాను.

గత మూడు నెలల పట్టికలతో కొత్త నివేదిక పెట్టాం. ఈసారి కూడా మీ భాగం సీనియర్‌గారే చేశారు. ఫలితం నాకు చూపించకుండా కవరులో పెట్టి ఛైర్మన్‌గారికి ఇచ్చారు. ఆయన తీరిగ్గా కళ్ళజోడు తుడుచుకుని చదివారు.

"పదకొండో నంబరు. నూటికి నూరు."

అక్కడితో ఆగలేదు. "కష్టమైన కేసులు ఎక్కువగా చేసే ఆసుపత్రులు ఇకపై ఎవరిని చూసి నేర్చుకోవాలన్న చోట, నాలుగింటికి పదకొండో నంబరే వచ్చింది" అని చదివి, చుట్టూ చూసి, "మనం మూసేద్దామనుకున్నది దీన్నేనా?" అన్నారు. తొమ్మిదో నంబరు సూపరింటెండెంటు మంచినీళ్ళ గ్లాసు కోసం వెతుక్కున్నాడు.

తీర్మానం అయింది. మీ థియేటర్లు ఎక్కడికీ పోవు. పసిపిల్లల ఆపరేషన్ల కోసం ఇంకో సర్జన్‌ను మీకే ఇస్తున్నారు. కష్టమైన కేసు ఎవరైనా మీకు పంపితే, అది పంపినవాళ్ళ లెక్కలో కూడా కనిపించేలా పట్టిక మార్చాం. ఇక ఎవరూ తోసేసి చేతులు దులుపుకోలేరు.

బయటికి వస్తుంటే సీనియర్‌గారు నా పక్కన ఆగి, "మీ వదినగారు గట్టివారు" అన్నారు. ఏడాదిలో ఆయన నాతో పనికి సంబంధం లేకుండా అన్న మొదటి మాట ఇది.

అన్నయ్యకు నువ్వే చెప్పు. వీధంతా తిరగడానికి చెప్పులు వేసుకోమను.

నీ
పిచ్చుక


సూపరింటెండెంట్ గది
మార్చి

చి. పిచ్చుకకు,

దీవెనలు. మీ అన్నయ్య చెప్పులు అరిగిపోయాయి, కొత్తవి కొన్నాం.

సోమవారం ఏడో నంబరు కుర్రవాడు తన నర్సులను వెంటబెట్టుకుని వస్తున్నాడు, పసిపిల్లల కళ్ళకు మా వాళ్ళు ఎలా చేస్తారో చూడటానికి. "ఈసారి ముక్కాలిపీట నాకు వేయించండి మేడం" అన్నాడు.

ఈరోజు సంగతి చెప్పి ముగిస్తాను. పొద్దున్నే గుమాస్తా వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు, ఏదో పోగొట్టుకున్నవాడిలా.

"మేడం, రేపటికి పిలవడానికి పేర్లు లేవు."

"లేకపోవడమేమిటి?"

"వరస అయిపోయింది మేడం. కొత్త సర్జన్ గారొచ్చారు, తొమ్మిదో నంబరు వాళ్ళు కేసులు తోయడం మానేశారు, అందరికీ చేసేశాం. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్ళకు ఏ తేదీ చెప్పను?"

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. హాల్లో బోర్డు మీద రాయమన్నాను. అతను సుద్దముక్క తీసుకుని పెద్దపెద్ద అక్షరాలతో రాశాడు. నేను చూడటానికి వెళ్ళాను.

నిన్న రెండో కంటికి కూడా ఆపరేషన్ అయిన టైలరమ్మ ఒకావిడ, అప్పుడే కట్టు విప్పించుకుని గోడ పట్టుకుని వస్తోంది. సూదిలో దారం ఎక్కించలేక రెండేళ్ళ కిందట కుట్టు మిషను మూలకు నెట్టేసిందట. నర్సు చెయ్యి పట్టుకోబోతే వద్దంది. బోర్డు ముందు ఆగి, తల కాస్త వెనక్కి వంచి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, హాలంతా వినబడేలా చదివింది.

"ఈరోజు చూపించుకుంటే రేపే ఆపరేషన్."

మీ వదిన